గోరు కింద నలుపు

సీ తయ్యెబ్ మాష్టారి చెయ్యి దుప్పటి మీంచి లేచి వహీబా మణికట్టును పక్కకి నెట్టేసింది.

మేడ మీది డిష్ తిప్పబోయి జారిపడి తలకు దెబ్బ తగిలిన మనిషి ఆయన. ఆలివ్ కాయలు కోసే రోజుల్లో సెతీఫ్‌ పట్టణంలోని ఈ ఆసుపత్రికి తెచ్చారు, ఇప్పుడు కిటికీ బయట మంచు పడుతోంది. కళ్ళు తెరుస్తాడు, మూస్తాడు. తెరిచిన కళ్ళు ఎవరినీ చూడవు. అలాంటివాళ్ళ అరచేతుల్ని కుంచెతో రుద్ది, ముఖానికి చల్లని గుడ్డ, వెచ్చని గుడ్డ మార్చి మార్చి అద్ది, చెవి దగ్గర పేరుపెట్టి పిలిచి, లోపల మనిషి ఉన్నాడో లేదో వెతకడం వహీబా ఉద్యోగం. ఆ సాయంత్రం అన్నీ అయ్యాక ఆయన గోరు మీద పెన్సిల్ అడ్డంగా పెట్టి నొక్కింది. నొప్పికి ఉలుకుతాడేమో చూసే మామూలు పరీక్షే అది. కాని చిన్నప్పుడు ఆయన తరగతిలో తనకు జరిగింది ఆ క్షణంలో ఆమెకు గుర్తొచ్చింది. ఆపవలసిన చోట ఆపలేదు. ఇంకా నొక్కింది. అప్పుడు లేచింది ఆయన రెండో చెయ్యి.

మర్నాడు పొద్దున వార్డంతా వేయించిన రవ్వ వాసన.

మాష్టారి భార్య లల్లా అల్జియా పెద్ద పళ్ళెం నిండా తమీనా చేసుకొచ్చింది. వెన్నా తేనే కలిపి అచ్చులా ఒత్తి, పైన దాల్చినచెక్క పొడితో గీతలు గీసింది. నర్సులకు పెట్టింది, పక్క మంచాల వాళ్ళ చుట్టాలకు పెట్టింది, కాపలావాడిని కూడా పిలిచి పెట్టింది.

"పురిటి మిఠాయి కదా ఇది, ఎవరికి పుట్టారు వదినా?" అన్నాడు బూజెమా నోటినిండా పెట్టుకుని. రోగుల్ని ఎత్తి దించి, పక్కలు మార్చి, ఒళ్ళు తుడిచే మనిషి అతను. పొట్ట ముందు నడుస్తుంది, అతను వెనక నడుస్తాడు.

"మా ఆయనే పుట్టాడు. మీసాలతో పుట్టాడు!"

"అయితే నాకు ఇంకో ముక్క పెట్టు. రోజూ ఆ మీసాలు దువ్వే మంత్రసానిని నేనే."

"నీ పొట్ట చూసుకో ముందు. నెలలు నిండినట్టుంది."

అందరూ నవ్వారు. వహీబా గుమ్మంలోనే ఆగిపోయింది. వెనక్కి తిరిగి వెళ్ళిపోదామనుకునే లోపల ముసలావిడ చూసేసింది. పళ్ళెం బూజెమా చేతిలో పెట్టి, గబగబా వచ్చి, వహీబా కుడిచెయ్యి పట్టుకుని పెదవులకు ఆనించుకుంది.

"పిన్నీ, వద్దు. అలా చెయ్యకండి."

"ఎందుకు వద్దే? ఇన్నాళ్ళూ నేను పక్కన కూర్చుని ఖురాన్ చదివాను, ఏడ్చాను, తిట్టాను, నారింజ తొక్క ముక్కు దగ్గర నలిపాను. కదిలాడా? నీ చెయ్యి తగిలితే కదిలాడు. ఏముందే తల్లీ ఈ చేతిలో?"

వహీబా చెయ్యి లాక్కుంది. మోటుగానే లాక్కుంది. ఆ పిల్లకు సిగ్గు ఎక్కువని అల్జియా నవ్వుకుంది. తమీనా ముక్క బలవంతంగా నోట్లో పెట్టింది. అది నాలుక మీద కరగలేదు. వహీబా మింగలేక, ఉమ్మలేక, చెంపలో అలాగే పెట్టుకుని నిలబడింది.

నిన్న రాత్రి ఇంట్లో నిద్రపట్టక, తనకు తనే సర్దిచెప్పుకుంది. ఫలితం మంచిదే కదా అంది. నొప్పి వచ్చిన చోటికి రెండో చెయ్యి రావడమంటే చిన్న విషయం కాదు, లోపల ఎవరో ఉన్నారని అంది. అదంతా నిజమే. కాని ఆ పెన్సిల్ నొక్కేటప్పుడు ఆమె వైద్యం చెయ్యలేదు. ఆయనకు నొప్పి పుట్టాలని కోరుకుంది. పుట్టినందుకు, ఒక్క రెప్పపాటు, సంతోషపడింది. ఆ సంతోషం ఎవరి కంటా పడలేదు. అదే ఆమెను తినేస్తోంది.

మధ్యాహ్నం ప్రార్థన వేళకు ముందు అల్జియా భర్త చేతులు తుడవడానికి కూర్చుంది. తుడుస్తూ తుడుస్తూ గట్టిగా అరిచింది.

"ఇదేమిటి? ఈ గోరు చూడండి! నల్లగా కమిలిపోయింది!"

నడిమి వేలిగోరు సగందాకా నల్లబడి ఉంది. చుట్టూ వాచింది. చిట్కెన వేలు నుంచి బొటనవేలు దాకా అన్నీ తిప్పి చూసుకుంది ఆవిడ. మిగతావన్నీ బాగానే ఉన్నాయి. లేచి నిలబడి చుట్టూ చూసింది. ఆమె కళ్ళు, రోగి పడకుండా మంచం పక్కన పైకి లేపే ఇనప కడ్డీ మీద పడ్డాయి. అక్కడి నుంచి బూజెమా మీద పడ్డాయి.

"కడ్డీ పైకి లాగేటప్పుడు వేలు నలిపేశావు కదూ?"

"నేనా?" బూజెమా చేతిలోని దిండు కిందికి దించాడు. "లేదు వదినా. కడ్డీ లాగేముందు చేతులు గుండె మీద పెట్టి లాగుతాను. ఇన్నేళ్ళ నుంచీ అంతే."

"మాట్లాడలేని మనిషి కదా అని! అరవలేడు కదా అని! పొద్దున నా చేతి మిఠాయి తిన్న నోటితోనే అబద్ధం చెబుతున్నావు!"

"అల్లా సాక్షి. నేను ఎత్తిదించే మనుషుల్ని గుడ్లు ఎత్తినట్టు ఎత్తుతాను. అడగండి, వహీబానే అడగండి."

అందరూ వహీబా వైపు చూశారు. ఆమె మాష్టారి మోకాలు వంచి చాపుతోంది. వంచింది, చాపింది.

కేకలకు డాక్టర్ మెర్రూష్ వచ్చాడు. సన్నని మనిషి, కళ్ళజోడు నుదుటి మీదికి ఎక్కించుకుని మాట్లాడతాడు. గోరు చూశాడు. పోయినేడు ఇంకో రోగి చీలమండ గీసుకుపోయినప్పుడు కూడా బూజెమా డ్యూటీలోనే ఉన్నాడని ఆయనకు గుర్తుంది.

"విచారణ అయ్యేదాకా ఇంటి దగ్గర ఉండు" అన్నాడు.

"డాక్టర్ గారూ, ఏ తప్పుకి?"

"తప్పు ఉందో లేదో తేల్చడానికే అంటున్నాను. వెళ్ళు."

బూజెమా దిండును మాష్టారి మోకాలి కింద సరిగ్గా సర్దాడు. "ఇటు పక్కకు వాలకుండా చూడమ్మా, తుంటి దగ్గర ఎర్రబడుతోంది" అని వహీబాకు మెల్లగా చెప్పి వెళ్ళిపోయాడు.

అప్పుడైనా ఆమె అనవలసింది. అనలేదు. గొంతులో మాట తయారుగా ఉంది. ఒక్క అడుగు ముందుకు వేస్తే చాలు. కాని ఆ అడుగు వేస్తే పొద్దున ముద్దుపెట్టించుకున్న చెయ్యిని అందరూ చూస్తారు. ఆమె ఇంకోసారి మోకాలు వంచింది. చాపింది.

తర్వాతి గదిలో మోటారుసైకిల్ ప్రమాదంలో దెబ్బతిన్న కుర్రవాడిని నిలబెట్టే బల్లకు పట్టీలతో కట్టి, బల్లను కొద్దికొద్దిగా నిటారుగా లేపుతూ ఉండగా కిటికీలోంచి రోడ్డు కనిపించింది. బూజెమా మంచులో బస్సు కోసం నిలబడ్డాడు. కోటు గుండీలు పట్టక విప్పుకునే ఉన్నాడు. చేతిలో ప్లాస్టిక్ సంచి, అందులో ఆసుపత్రి చెప్పులు. పొద్దున తినగా మిగిలిన తమీనా ముక్క కాగితంలో చుట్టుకున్నాడు కాబోలు, తీసి చూసి, మళ్ళీ సంచిలో పెట్టేసుకున్నాడు.

వహీబా బల్ల దించింది. కుర్రవాడి తల్లికి రెండు మాటలు చెప్పి, మాష్టారి గదికి నడిచింది.

గదిలో అల్జియా ఒక్కతే ఉంది. గిన్నెలో గోరువెచ్చని నీళ్ళు పెట్టుకుని భర్త వేలిని అందులో ముంచి పట్టుకుంది.

"పిన్నీ, అది బూజెమా బాబాయ్ చెయ్యలేదు."

"వెనకేసుకు రాకు. మనిషి మంచివాడే. చేతులు మొద్దు."

"నేను చేశాను."

అల్జియా తల ఎత్తింది.

"నిన్న పెన్సిల్ పెట్టి నొక్కాను కదా. అప్పుడు కమిలింది."

"అదా!" ముసలావిడ ముఖం విప్పారింది. "దానికి అంత పీక్కుపోయిన ముఖం ఎందుకే? అది వైద్యం కదా. నాకు ముందే చెబితే ఆ బూజెమాను అన్ని మాటలు అనేదాన్నే కాదు."

"వైద్యానికి అంత అక్కర్లేదు పిన్నీ. కొంచెం నొక్కితే చాలు."

"మరి ఎందుకు నొక్కావు?"

చెయ్యి జారిందని చెప్పవచ్చు. అలసిపోయానని చెప్పవచ్చు. ఆవిడ నమ్ముతుంది. నమ్మడానికి సిద్ధంగా కూర్చుంది కూడా.

"మాష్టారు నాకు ఐదో తరగతి చెప్పారు" అంది వహీబా.

"ఏమిటీ? నువ్వు ఆయన శిష్యురాలివా? ఇన్నాళ్ళూ చెప్పవేం! ఏమండీ, విన్నారా, మీ దగ్గర చదువుకున్న పిల్లటండీ!" భర్త చెవిదాకా వంగి చెప్పింది. వహీబా ముఖం చూసి మళ్ళీ మెల్లగా నిటారుగా కూర్చుంది.

"ఎక్కం తప్పితే ఐదు వేళ్ళూ దగ్గరగా పట్టుకోమనేవారు. గోళ్ళు పైకి. స్కేలు అంచుతో కొట్టేవారు."

"ఆ రోజుల్లో అందరూ కొట్టేవాళ్ళమ్మా."

"దెబ్బలు మర్చిపోయాను. ఒకరోజు బయటికి వెళ్ళొస్తానని అడిగాను. వద్దన్నారు. మళ్ళీ అడిగాను. అంత తొందరైతే బోర్డు దగ్గరికొచ్చి నిలబడమన్నారు. నిలబడ్డాను. అక్కడే, అందరి ముందూ, నా బట్టలు తడిసిపోయాయి." వహీబా గోడ వైపు చూస్తూ చెబుతోంది. "మా అమ్మ ఆ బడిలోనే నేలలు కడిగేది. ఆయన ఒక పిల్లవాడిని పంపి అమ్మను పిలిపించారు. బకెట్టు తెచ్చి తుడవమన్నారు. అమ్మ మోకాళ్ళ మీద కూర్చుని తుడిచింది. నా కాళ్ళ చుట్టూ తుడిచింది. తల ఎత్తి నన్ను చూడలేదు. లేచి, మన్నించండి సీ తయ్యెబ్ అని వెళ్ళిపోయింది. ఇంటికి వెళ్ళాక కూడా ఆ సంగతి మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు."

గిన్నెలో అల్జియా చెయ్యి కదలడం మానేసింది.

"సాదియా" అంది ఆవిడ. "మీ అమ్మ పేరు సాదియా."

"మీకెలా తెలుసు?"

ముసలావిడ భర్త వేలిని నీళ్ళలోంచి తీసి, తన కొంగుతో ఒత్తి తుడిచింది.

"ఆయన ఆ సంగతి భోజనాల దగ్గర చెప్పేవారు. చుట్టాలొచ్చినప్పుడు. రంజాన్‌లో ఉపవాసం విడిచాక అందరం కాఫీలు తాగుతున్నప్పుడు. మీ అమ్మ నడిచొచ్చినట్టు నడిచి చూపించేవారు, బకెట్టు పట్టుకుని. తల్లీ కూతుళ్ళు కలిసి నా తరగతి గది కడిగేశారు అని ముగించేవారు. మేం నవ్వేవాళ్ళం. మా మరుదులు పడీపడీ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వాను. ఇంకోసారి చెప్పండి అని అడిగాను కూడా, ఒకసారి."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేకపోయారు. ఇద్దరి మధ్యా ఆయన పడుకుని ఉన్నాడు. కళ్ళు తెరుచుకుని ఉన్నాయి. పైకప్పు మీద నిలిచి ఉన్నాయి.

ఒప్పుకుంటే గుండె తేలికపడుతుందని వహీబా అనుకుంది. ఎక్కడా తేలికపడలేదు. తను దాచుకున్న అవమానాన్ని ఇన్నేళ్ళుగా ఎవరెవరో కాఫీతో పాటు తాగారని తెలిసింది. దానికి బదులుగా, అరవలేని ఒక ముసలివాడి గోరు కమలగొట్టింది తను. రెండూ ఒకే గదిలో ఉన్నాయి. ఏది పెద్దదో కొలవబుద్ధి కాలేదు.

అల్జియా అంది. "అయితే మళ్ళీ నొక్కు."

"ఏమన్నారు?"

"నిన్నటి నుంచి మళ్ళీ కదల్లేదు. పొద్దున్నుంచీ పిలుస్తున్నాను, బతిమాలుతున్నాను. ఉలుకూ పలుకూ లేదు. నువ్వు నొక్కితే వచ్చాడు." భర్త చెయ్యిని వహీబా వైపు జరిపింది, పళ్ళెం జరిపినట్టు. "ఇంకో వేలు ఉంది. నొక్కు."

"పిన్నీ, అది తప్పు. నేను చెయ్యను."

"కోపం పోయిందా అప్పుడే? ఆయన మీద లేకపోతే నా మీద పెట్టుకో. నేనూ నవ్వానని చెప్పాను కదా."

"వైద్యం అలా చెయ్యరు. రోజూ మెల్లగా, ఓపిగ్గా..."

"మెల్లగా! కాయలు కోసే రోజుల నుంచీ మెల్లగానే చేశారు మీరంతా. కోపంతో చేసింది నా మీద దయతో చెయ్యలేవా?"

వహీబా రెండు చేతులూ వెనక్కి పెట్టేసుకుంది. తను చేసిన తప్పునే ఆ ముసలావిడ మందులా చెయ్యి చాచి అడుగుతోంది. అంతకంటే పెద్ద శిక్ష ఎవరూ వెయ్యలేరనిపించింది.

అల్జియా లేచింది. ఆవిడ ముఖంలో పొద్దుటి మనిషి లేదు. "అయితే నువ్వెందుకు ఇక్కడ? ఆ బూజెమాను మంచులోకి వెళ్ళగొట్టి నిన్ను ఉంచుకోవాలా? డాక్టర్ గారూ! ఎవరక్కడ, డాక్టర్ గారిని పిలవండి!"

మెర్రూష్ వచ్చి అంతా విన్నాడు. వహీబా ఒక్క ముక్క కూడా దాచకుండా మళ్ళీ మొదటి నుంచీ చెప్పింది. రెండోసారి చెప్పడం ఇంకా కష్టంగా ఉంది. ఆయన నుదుటి మీది కళ్ళజోడు దించి పెట్టుకున్నాడు, మళ్ళీ ఎక్కించుకున్నాడు.

"బూజెమాకు ఫోన్ చేయిస్తాను, రేపు రమ్మంటాను. నువ్వు పైవాళ్ళు తేల్చేదాకా ఈ గదిలోకి రాకూడదు. అర్థమైందా?"

"అయింది."

"ఆయన్ని అడగరా?" అంది అల్జియా.

"ఎవర్ని?"

"నొప్పి ఎవరిది? వేలు ఎవరిది? ఈ పిల్ల ఉండాలో పోవాలో ఆయన చెప్పాలి. లోపల మనిషి ఉన్నాడని మీరే కదా నిన్న అన్నారు."

"ఉండొచ్చు అన్నాను. వినడం వేరు, విని జవాబివ్వడం వేరమ్మా."

"అడిగితే పోయేదేముంది? అడగండి. దీని చెయ్యి పెట్టే అడగండి."

మెర్రూష్ కాదనబోయాడు. కాని ఆయనకు కూడా తెలుసుకోవాలని ఉంది. వహీబాకు సైగ చేశాడు. ఆమె మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, దెబ్బ తగలని చేతిలో తన రెండు వేళ్ళు పెట్టింది. ఆ అరచెయ్యి పొడిగా, వెచ్చగా ఉంది.

డాక్టర్ వంగాడు. "సీ తయ్యెబ్! ఈ అమ్మాయి మీకు వైద్యం చెయ్యడం ఇష్టమైతే చెయ్యి మూయండి."

ఏమీ జరగలేదు. గోడ వెనక గొట్టాల్లో వేడినీళ్ళు గుటకలు వేస్తున్నాయి. తర్వాత ముసలి వేళ్ళు వంగాయి. వహీబా వేళ్ళను చుట్టుకుని బిగిశాయి.

"యా రబ్బీ!" అల్జియా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఆగండమ్మా, ఆగండి. అరచేతిలో ఏది పెట్టినా పసిపిల్లలు కూడా పట్టుకుంటారు. పట్టుకోవడం లెక్క కాదు, చెప్పగానే వదలడం లెక్క." ఆయన మళ్ళీ వంగాడు. "సీ తయ్యెబ్, ఇప్పుడు వదలండి. చెయ్యి తెరవండి."

వదల్లేదు. గట్టిగా ఇంకోసారి చెప్పాడు. వేళ్ళు అలాగే బిగిసి ఉన్నాయి. మెర్రూష్ నిట్టూర్చి నడుం ఎత్తాడు. "ఒంటికున్న అలవాటు, అంతే. ఆయన జవాబు కాదిది. రండమ్మా, కాసేపు బయట కూర్చుందురుగాని." అల్జియా ఏడుస్తూ ఆయన వెంట గుమ్మం వైపు నడిచింది. ఇద్దరి వీపులూ ఇటు తిరిగి ఉన్నాయి.

వహీబా చేతిని విడిపించుకోవాలి. లాగలేదు. ఆయన చెవి దగ్గరికి తల వంచింది. ఇన్ని రోజులూ ఆ చెవిలో రోగుల్ని పిలిచే గొంతుతో పేరుపెట్టి పిలిచింది. ఇప్పుడు వచ్చింది ఐదో తరగతి పిల్ల గొంతు.

"మాష్టారూ, నేను సాదియా కూతుర్ని. గోరు నొక్కింది నేనే. నొప్పి పుట్టాలనే నొక్కాను. నాకు సిగ్గుగా ఉంది. నన్ను వదలండి మాష్టారూ."

చిట్కెన వేలు ముందు విడింది. తర్వాత దాని పక్కది. ఒక్కొక్కటే, బరువైన తలుపులు తీసినట్టు, అన్నీ విడిపోయాయి. అరచెయ్యి దుప్పటి మీద వెల్లకిలా పడింది. పైకప్పు మీద ఉన్న కళ్ళు మెల్లగా కిందికి జారి ఆమె ముఖం మీద ఆగాయి. ఆ కళ్ళలో నీళ్ళు నిండి, చెంప మీదుగా దిండులోకి కారాయి. రొమ్ము ఎగిరెగిరి పడుతోంది. గొంతులోంచి ఏదో మూలుగు బయటికి రాలేక కొట్టుకుంటోంది.

ఆయన విన్నాడు. చెప్పింది చెప్పినట్టు చేశాడు. చూసింది ఆమె ఒక్కతే.

"డాక్టర్ గారూ!" వహీబా కేక పెట్టింది. "వదిలారు! చెప్పగానే వదిలారు! నేను చూశాను!"

మెర్రూష్ గుమ్మంలో ఆగి వెనక్కి తిరిగాడు, కాని ఆయనకంటే ముందే అల్జియా మంచం దగ్గరికి వచ్చేసింది. తెరుచుకుని ఉన్న చేతిని ఆవిడ చూడలేదు. భర్త చెంప మీద కన్నీళ్ళు చూసింది, ఆయాసం చూసింది, ఆయన మీదికి వంగి ఉన్న వహీబాను చూసింది.

"జరుగు అవతలికి" అంది. "ఇప్పుడేం చేశావే నువ్వు ఆయన్ని?"